చాటెడు తవుడు

ఆమె పోయిందన్న కబురు నాకు జొన్నరొట్టెల పొట్లంతో పాటు చేతికొచ్చింది. గద్వాలలో మా కాలేజీకి పోయే దారిలో రొట్టెలమ్మే మనిషి, వేడి రొట్టెలు కాగితంలో చుడుతూ, "నీకు ఎర్కలేదా మేడమ్? మీ ఎనక గల్లీ అవ్వ పాయె గదా. వారమాయె" అంది. వెంటనే, "కారం ఎయ్యాల్నా?" అంది. వెయ్యమన్నాను. ఇంకేమనాలి?

ఆ రోజు నేను పిల్లలకు చెప్పాల్సింది రోగనిరోధక కణాలు ఎట్లా పెరుగుతాయన్న పాఠం. జువాలజీ చెప్పే పంతులమ్మను నేను, ఏటా ఈ పాఠం తప్పదు. బోర్డు మీద కణం గీసి, దాని పొర మీద గ్రాహకం గీసి, బయటి నుంచి సంకేతం వచ్చి దానికి అతుక్కోవడం బాణం గుర్తుతో చూపిస్తాను. అక్కడ ఆగిపోతాను. పిల్లలు నాకు మతిమరుపనుకుంటారు, అనుకోనీ. "సంకేతం అందకపోతే ఏమవుతది మేడమ్?" అని ముందు బెంచీలోంచి ఎవరో ఒకరు అడగక మానరు. "కణం పెరగదు, చచ్చిపోతది. రాసుకో" అని కసురుతాను. ఆ రోజూ కసిరాను. తర్వాత స్టాఫ్ రూంలో కూర్చుంటే పొట్లం విప్పబుద్ధి కాలేదు.

ఎందుకంటే, నాకు ఏళ్ల తరబడి రొట్టెలు చేసి పెట్టింది ఆమే. ఆమె పేరు ఇక్కడ రాయను. వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అందరికీ అవ్వే.

మనిషి చిన్నది, గొంతు పెద్దది. మా ఇంటికి ఎప్పుడూ వెనక వాకిలి నుంచే వచ్చేది, గడప మీద ఓ పక్కకు ఒరిగి కూర్చునేది, లోపలికి రమ్మంటే "లోపలేమున్నది?" అనేది. కొత్తల్లో ఒకసారి అడిగింది.

"నువ్వు ఏం సదువు చెప్తవ్ మేడమ్?"

"జీవశాస్త్రం అవ్వా."

"అంటే కప్పలు కోసుడా?"

"ఇప్పుడు కోస్తలేం. ఆపేసినం."

"మరి ఇప్పుడేం చేస్తున్నరు, ఉత్తగనే జీతమా?"

నేను వనపర్తి దానిని, మాటకు మాట అనడంలో నేనూ తక్కువ తినలేదు. కానీ ఆ ముసలామె ముందు చాలాసార్లు ఓడిపోయేదాన్ని.

ఆమె కుడిచేతి బొటనవేలి గోరు పెంచుకునేది. అది సోకు కాదు, పనిముట్టు. వానలు వెనకబట్టాక గట్టు మండలం వైపు, విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లోకి కూలికి పోయేది. అక్కడ సాయంత్రం పూట ఆడ చెట్ల మొగ్గలు గిల్లి లోపలి పుప్పొడి తీసేయాలి. తెల్లారి మగ చెట్ల పూలు తెచ్చి వాటికి రాయాలి. రాసింది పట్టుకుంటే కాయ, పట్టుకోకపోతే రాలుడు. ఆ గిల్లుడుకు గోరు కావాలి. అయితే పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు మాత్రం ఆమె బొటనవేలు అరచేతిలోకి ముడుచుకునేది, గోరు తగలకుండా. ఎత్తుకోబోయే ముందు చెయ్యి తనంతట తనే ముడుచుకునేది.

పసిపిల్లలను తిట్టడంలో ఆమెను మించిన వాళ్లు లేరు. "థూ, ఏం మొకంరా ఇది, ఎలుక మొకం!" అనేది. తల్లులు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. మా వాణ్ణి మొదటిసారి చూసినప్పుడు "ఈ కోతిని ఏడ పట్టుకొచ్చినవ్ మేడమ్?" అంది. నాకు ఒళ్లు మండింది. బాగున్నాడంటే బిడ్డ మీద సావు కన్ను పడుతుందనీ, అందుకే అట్లా అంటారనీ పక్కింటావిడ చెప్పాక చల్లబడ్డాను.

సావంటే ఆమెకు పక్కింటి మనిషంత పరిచయం. కన్న మగపిల్లల్లో ఒక్కడూ ఏడాది నిండేదాకా నిలవలేదు. కూతురొక్కతే దక్కింది. ఆ కారణం చేతనే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. పిల్లలు పుట్టి పోతున్న ఇళ్లలో, కొత్తగా పుట్టిన బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టడం మా వైపు ఉంది. కన్నవాళ్లు వదిలేసినట్టు, వేరెవరో ఎత్తుకున్నట్టు, తర్వాత కన్నవాళ్లే చాటెడు తవుడు పోసి కొనుక్కున్నట్టు. అట్లా దక్కిన వాళ్లే ఈ పెంటయ్యలూ పెంటమ్మలూ. ఆ ఎత్తుకునే మనిషి అవ్వ.

"ఎవ్వరోల్ల బిడ్డనో పెంట మీద పారేసిపోయిండ్రు. నాకు దొరికిండు, నావోడే" అనేది గట్టిగా, వీధంతా వినపడేట్టు. తల్లి తవుడు పట్టుకుని వచ్చి "మాకియ్యి అవ్వా" అనేది. అవ్వ తవుడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మూతి వంకర పెట్టి, బేరం కుదిరినట్టు తలూపేది. "తీస్కపో. మంచిగ సాదుకో" అనేది. పెంచుకొమ్మన్న ఆ చివరి మాట పడితేనే బిడ్డ వాళ్లకు చెందినట్టు.

"నువ్వే ఎందుకు?" అని అడిగాను ఒకసారి.

"నా ఇల్లంటే దానికి యాష్టకొచ్చింది మేడమ్. వచ్చి వచ్చి యాష్టకొచ్చింది. ఇంక రాదు" అంది, దోసకాయ ముక్క కొరుకుతూ. సావుకే తన ఇల్లంటే విసుగొచ్చిందని ఆమె లెక్క.

అది మళ్లీ రానే వచ్చింది.

కూతురిని అలంపూర్ వైపు ఇచ్చింది. మొదట ఆడపిల్ల పుట్టింది, నిక్షేపంగా ఉంది. తర్వాత పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే దగ్గుతో, విరేచనాలతో పోయాడు. మళ్లీ కొడుకు. కాన్పు గద్వాలలోనే అయింది. ఆ మర్నాడే అవ్వ మా వెనక గడప మీదికి వచ్చి కూర్చుంది, చేతిలో రొట్టెల్లేవు.

"మేడమ్, నువ్వొచ్చి ఎత్తుకోవాలె."

"నేనా? నువ్వుండగ నేనెందుకు?"

"నా బిడ్డ కొడుకును నేనెట్ల ఎత్తుకుంట? నా రక్తమే గదా, అది పసిగడ్తది. నువ్వు బయటి దానివి. నీ కొడుకు బతికి మంచిగున్నడు."

"నీకు సిగ్గుండాలె అవ్వా. సంటి పిలగాణ్ణి తీస్కపోయి పెంట మీద పడుకోబెడ్తరా? క్రిములుంటయి, రోగాలుంటయి. నేను పిల్లలకు చెప్పేదేంది, చేసేదేంది!"

"పడుకోబెట్టేది మా బిడ్డ. నువ్వు ఎత్తుకుంటవ్. ఎత్తుకునేటందుకు సిగ్గెందుకు?"

చివరికి ఒప్పుకున్నాను. వేడినీళ్లలో ఉడకబెట్టిన బట్ట పరవాలనీ, కింద కొత్త ప్లాస్టిక్ పట్టా వెయ్యాలనీ, చాట కడగాలనీ షరతులు పెట్టాను. "పెంటకు కూడ పరుపేస్తున్నది మా మేడమ్" అని ఊరంతా చెప్పుకుని నవ్వింది గానీ అన్నీ చేసింది. ఇరవయ్యొకటో రోజు పొద్దున నేను వాణ్ణి ఎత్తుకున్నాను. ముడుచుకుని పడుకున్నాడు, పాల వాసన వేశాడు. అవ్వ నేర్పిన మాటలు గొణిగితే, "గట్టిగ అను, దానికి చెవుడు" అని కసిరింది. గట్టిగా అన్నాను. కూతురు తవుడు చాట పట్టుకుని నా వైపు రాబోయింది.

అవ్వ కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడే గాదు. ఏడాది నిండనీ. మా ఇంట్ల సాదుతం గని మావోడు గాదు. అప్పటిదాక నీ పేరు మీదనే ఉంటడు మేడమ్."

ఎత్తుకున్న బిడ్డను అక్కడికక్కడే కొనుక్కోకుండా వదిలేయడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ఎన్నో ఇళ్ల బిడ్డలను చేతులు మార్చిన మనిషి, తన మనవడి విషయంలో ఇంకో తాళం ఎక్కువ వేసుకుంది. ఇక ఆ రోజు నుంచి వాడు నా కొడుకే. రొట్టెలు తెచ్చి "నీ కొడుకు రాత్రంత పండలే" అనేది. "నీ కొడుకు పాలు కక్కిండు" అనేది. కూతురు బిడ్డను ముద్దు పెట్టుకోబోతే "పరాయోల్ల పిలగాణ్ణి గట్ల ముద్దులాడుతరేందే?" అని అరిచేది. తను మాత్రం తలుపు పట్టుకుని దూరం నుంచి చూసేది. కన్ను ఆర్పకుండా చూసేది.

మూడో నెలలో, "నీ కొడుకు నోట్ల తెల్లగైంది, ఎంత తుడిచినా పోతలేదు" అంది. వెళ్లి చూశాను. దగ్గుతున్నాడు. బరువు పెరగలేదు. భుజం మీద టీకా వేసిన చోటు ఆరలేదు, చంకలో గడ్డ కట్టింది. లోకంలో పిల్లలందరికీ మేలు చేసే టీకా అది. ఒంట్లో రోగంతో కొట్లాడే కణాలు లేని బిడ్డకు మాత్రం అదే జబ్బవుతుంది.

"అవ్వా, నీకు అన్నదమ్ములున్నరా?"

"మమ్మల్ని కన్న అవ్వకు మొగపిల్లలు నిలవలే. అక్క, నేను, అంతే."

"అక్కకు?"

"ఒకడు సంటప్పుడే పోయిండు. ఒకడున్నడు."

పోయినవాళ్లందరూ మగపిల్లలు. ఆ ఇళ్లను కలిపిందంతా ఆడవాళ్లు. ఎన్నేళ్లుగా నేను బోర్డు మీద ఆడవాళ్లకు గుండ్రాలూ మగవాళ్లకు చతురస్రాలూ గీసి లేని కుటుంబాలకు వంశవృక్షాలు వేస్తున్నానో! ఆ చతురస్రాల్లో ఒకటి నా ఎదుట పాత చీర ఊయలలో దగ్గుతోంది.

నెత్తురు పరీక్షలో ఉండాల్సిన తెల్లకణాలు దాదాపు లేవు. ఎక్స్‌రేలో రొమ్ము ఎముక వెనక, పసిపిల్లలకు కొట్టొచ్చినట్టు కనపడాల్సిన గ్రంథి నీడ లేదు. ఇక్కడి పిల్లల డాక్టర్ ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, ఈ రోజే హైదరాబాద్ పొమ్మన్నాడు.

అక్కడి పెద్ద దవాఖానలో వాణ్ణి గాజు గదిలో పెట్టారు. తల్లిని మాత్రం ముక్కూ నోరూ కట్టించి లోపలికి పంపేవాళ్లు. నేను ఆదివారం వెళ్లేసరికి అవ్వ వరండాలో గోడకానుకుని ఉంది, పక్కన మనవరాలు ఖాళీ నీళ్ల సీసాతో ఆడుకుంటోంది.

"డాక్టర్లు ఇంగ్లీషుల చెప్తున్నరు. నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. బిడ్డ ఎముకల మూలుగలో కణాలు పుడతాయనీ, అవి రొమ్ము వెనక గ్రంథిలోకి పోయి అక్కడ పెద్దవై, రోగాలతో కొట్లాడే కణాలవుతాయనీ. పెద్దవి కావాలంటే వాటికి "పెరుగు" అని కబురు అందాలనీ, ఆ కబురు పట్టుకోవడానికి కణం ఒంటి మీద ఒక పట్టు ఉంటుందనీ. వీడి కణాలకు ఆ పట్టులో ఒక పోగు పుట్టుకతోనే చెడిపోయిందనీ. కబురు వస్తూనే ఉంది, పట్టుకునేది లేదు. అవి పెరగకుండానే చచ్చిపోతున్నాయి.

గోటితో నేల మీద గీస్తూ విన్నది.

"పుప్పొడి రాస్తం, పువ్వు పట్టుకోదు. పిందె గాకుంటనే రాలిపోతది. గట్లనా?"

"గట్లనే అవ్వా."

"మల్ల రాస్తే?"

"ఎన్ని సార్లు రాసినా అంతే. అందుకే వేరేవాళ్ల మూలుగ తెచ్చి ఎక్కిస్తరు. అక్కది కలిస్తే అక్కదే."

మామూలు గొంతుతో, కూర ఎంతకిస్తవని అడిగినట్టు అడిగింది. "ఇది ఆడ చెట్టు నుంచి వచ్చిందా, మొగ చెట్టు నుంచా?"

రోజంతా వాగడమే నా ఉద్యోగం. ఇప్పుడు మాత్రం పిల్ల జారవిడిచిన సీసా ఒంగి తీసిచ్చాను. ఆమె నా మొహం చూసింది.

"నా బిడ్డ నుంచేనా?"

"ఔ."

"దానికి నా కాడి నుంచి."

"అవ్వా, ఇందుల నీ తప్పేం లేదు..."

"తప్పని ఎవ్వరన్నరు మేడమ్? అడిగిన, అంతే."

తర్వాత ఆమె చూపు సీసాతో ఆడుకుంటున్న మనవరాలి మీద పడింది. "దీనికి?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నా ఈ పిల్లకేం కాదు. రేపు దీనికి పుట్టే కొడుకులకు..." అని ఆపేశాను.

అవ్వ ఆ పిల్లను దగ్గరకు లాక్కుంది. కొంగుతో మొహం తుడిచింది. "థూ, ఏం మొకమే నీది, ఎలుక మొకం" అంది. అంతకు ముందు ఎప్పుడూ ఆ పిల్లను తిట్టలేదు. ఆడపిల్ల గదా, దాచాల్సిన పని లేదనుకునేది. పిల్ల బిక్కమొహం వేసింది. నాకు అక్కడి నుంచి లేచి పారిపోదామనిపించింది.

అక్క మూలుగ కలిసింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు అవ్వ గొంతు నవ్వుతోంది. "నీ కొడుకుకు అక్క దొరికింది మేడమ్!" అంది. నేను స్టాఫ్ రూంలో అందరికీ మిఠాయి పంచాను, ఎందుకో చెప్పలేదు. ముందు ఊపిరితిత్తులు శుభ్రపడాలి, తర్వాతే ఎక్కించేది అన్నారు డాక్టర్లు. అవి శుభ్రపడలేదు. జబ్బు తగ్గాలంటే లోపల కొట్లాడే కణాలుండాలి. ఆ కణాలు రావాలంటే ముందు జబ్బు తగ్గాలి. ఈ రెంటి మధ్య వాడు నలిగిపోయాడు. నాకు తెలిసిన సైన్సంతా ఆ గాజు బయట నిలబడి చూసింది. నెల ముందు తెలిసి ఉంటే? కాన్పు రోజే తెలిసి ఉంటే? ఈ ప్రశ్నలతో గోడకు తల కొట్టుకోవడం తప్ప వేరే ఉపయోగం లేదు.

క్లాసు నుంచి వస్తుంటే ఫోన్ మోగింది.

"మేడమ్, నీ కొడుకు పోయిండు."

ఒక్క క్షణం మా వాడు అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక "అమ్మయ్య" అనుకున్న నా మనసును చూసి అసహ్యం వేసింది. ఫోన్‌లో ఏడుపు లేదు. వెనక ఎక్కడో ఎవరి నోరో గట్టిగా మూసినట్టు ముక్కుతో ఊపిరి లాగుతున్న చప్పుడు. "ఏడువకే. మనోడు గాదు. ఏడిస్తే దానికి ఎర్కయితది, ఈ పిల్ల మీదికొస్తది" అంటోంది అవ్వ.

పూడ్చిన రోజు కూడా తల్లీకూతుళ్లిద్దరూ ఏడవలేదు. చూడొచ్చిన వాళ్లు రాతిగుండె మనుషులన్నారు. అనని వాళ్లు మొహాలతో అన్నారు.

ఆ తర్వాత ఆమె మళ్లీ ఏ బిడ్డనూ ఎత్తుకోలేదు. నాగర్‌కర్నూల్ నుంచి ఒక జంట కారు మాట్లాడుకుని వచ్చింది, పిల్లలు పుట్టి పోయినవాళ్లు. అవ్వ తలుపు తియ్యకుండా లోపలి నుంచే పొమ్మంది. వాళ్లు పోయాక వెళ్లి దులిపేశాను. "చేతులు మంచిగలేవని చెప్పి పంపినవంట! ఆ జబ్బు చేతులల్ల ఉండదని చెప్పిన గదా."

"ఏడుంటదో నాకు తెల్సు మేడమ్. వాళ్లకు చెప్పాల్నా?"

సీడు పత్తికి పోవడం, మా గడపకు రొట్టెలు తేవడం కూడా మానేసింది. గోరు కత్తిరించేసింది.

రొట్టెలామె చెప్పిన రోజు కాలేజీ అయ్యాక వాళ్లింటికి పోయాను. కూతురు అక్కడే ఉంది. ఆ ఆడపిల్ల ఇప్పుడు ఏపుగా పెరిగి నా భుజం దాటింది, నాకు టీ తెచ్చింది. ఆ పిల్లకు పరీక్ష చేయించమని తల్లితో మళ్లీ అన్నాను. ముందే తెలిస్తే ముందే ఏదన్నా చెయ్యొచ్చన్నాను. "తెల్సుకోని ఏం చేస్త మేడమ్? తెల్వకుంటెనే జర నిద్ర వడ్తది" అంది. కోపమొచ్చింది. టీ సగంలో వదిలేసి వచ్చాను.

వస్తూ వస్తూ నా గేటు ముందు ఆగాను. అవ్వ నా ముందు గేటు నుంచి వచ్చింది జన్మలో ఒక్కసారే. పిల్లవాణ్ణి పూడ్చిన వారానికి. నేను కాలేజీకి బయలుదేరి ఇంటికి తాళం వేస్తున్నాను. ఆమె చేతిలో చాట, చాట నిండా తవుడు. వెనక కూతురు.

"ఏందవ్వా ఇది?"

"కొనుక్కుందామని వచ్చినం."

"ఏం కొంటరు?"

"మా పిలగాణ్ణి మాకియ్యి మేడమ్. తవుడు తెచ్చిన."

నాకు కోపం వచ్చింది. "ఇంకేడ పిలగాడవ్వా? ఏం మాట్లాడుతున్నవ్?" అని అరిచాను.

"నీ పేరు మీదనే పోయిండు. నువ్వియ్యకుంటే మావోడు కాడు. మావోడు కాకుంటే మేమెట్ల ఏడవాలె?"

చాట అందుకున్నాను. కొత్త తవుడు, బాగా జల్లించింది, ఆమె తరహాలో నేనూ వాసన చూశాను. ఆమె నిలబడే ఉంది. నేను అనాల్సిన మాట ఉంది.

"తీస్కపో" అన్నాను.

కదల్లేదు. మిగతా మాట కోసం చూస్తోంది. ఆ మాట ఎట్లా అనేది? మట్టిలో పెట్టిన బిడ్డ గురించి, కన్నతల్లి ఎదుట?

"అను మేడమ్. అనకుంటే ఇచ్చినట్టు గాదు."

"మంచిగ సాదుకో" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా అనమంటుందేమో అనుకున్నాను. అనలేదు.

అవ్వ బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది. రెండు చేతులూ ముందుకు చాపి, నా చేతుల్లోంచి ఏమీ లేనిదాన్ని జాగ్రత్తగా అందుకుని, తల దగ్గర చెయ్యి వేసి, వెనక్కు తిరిగి కూతురి ఒళ్లో పెట్టింది. కూతురు కొంగు కప్పింది. ఇద్దరూ గేటు దాటి నడిచారు. గల్లీ మలుపు దాకా ఏ చప్పుడూ లేదు. మలుపు తిరిగాక ముందు కూతురు, తర్వాత అవ్వ, గొంతెత్తి ఏడ్చారు.